చెదరిన చుక్క – ఖగోళ ఛాయాగ్రహణములో కెమెరా, గైడింగు చిక్కులు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన గుంటూరు పట్టణముపై సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సు దేశము నుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆంగ్లేయుల పక్షమున మేజర్ టెనెంట్ అను సైనికాధికారియు గుంటూరు చేరినారు. సూర్యుని అంచున లేచు జ్వాలలు ప్రకాశించు వాయురాశులని జాన్సెన్ వర్ణపటదర్శినితో గ్రహించి, మరునాడు గ్రహణము లేకుండగనే వాటిని చూడగల ఉపాయమును కూడ కనుగొన్నాడు. హీలియం చరిత్రలో భాగముగా ఈ కథ మన విద్యార్థులకు కొంత పరిచితమే. టెనెంట్ చేసిన పని మాత్రము అంతగా ఎవరికిని తెలియదు. ఆయన ఒక దర్పణ దూరదర్శినికి ఫోటో పరికరమును అమర్చి, అప్పటికప్పుడు రసాయనము పూసిన తడి గాజు పలకలపై ఆ గ్రహణమును ఆరు చిత్రములుగా పట్టినాడు. సంపూర్ణ గ్రహణము నిలిచినది ఐదు నిమిషములకు పైన మాత్రమే. అంత సముద్రము దాటి తెచ్చిన పరికరములో ఆ ఐదు నిమిషములలో ఒక్క మర బిగుసుకొన్నను రెండవ అవకాశము లేదు.

చీరాల నుండి గుంటూరు అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరము. మా కళాశాల విజ్ఞానశాస్త్ర సంఘమునకు చెందిన మేము కొందరము 2023 జనవరి, ఫిబ్రవరి నెలలలో ఒక తోకచుక్కను ఫోటో తీయ బూనినప్పుడు ఆ ఐదు నిమిషముల సంగతి పలుమారు గుర్తునకు వచ్చినది. ఆ తోకచుక్క పేరు సి/2022 ఇ3. అది ఫిబ్రవరి 1వ తేదీన భూమికి సుమారు 4 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరమున దాటిపోయినది. మరల మనుష్యులెవ్వరును గుర్తుంచుకొనదగిన కాలములో అది తిరిగి రాదు. మా వద్ద ఉన్నది ఎరువు తెచ్చిన ఒక మౌంట్, 400 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల చిన్న దూరదర్శిని, పాత డిజిటల్ కెమెరా, దానికి తోడుగా గైడింగు కొరకు ఒక చిన్న గొట్టము, ఒక చిన్న కెమెరా, ఒక లాప్‌టాప్. ఆ పరికరములు మమ్ములను ఎన్ని విధముల మోసగించినవో, మేము వాటిని ఎట్లు పట్టుకొన్నామో చెప్పుటయే ఈ వ్యాసము పని. ఈ విద్యలో ప్రవేశింపగోరు విద్యార్థి మిత్రులకు మేము పోగొట్టుకొన్నన్ని రాత్రులు పోకుండ ఉండవలెనని మా కోరిక.

ముందు మూల విషయము. భూమి తిరుగుటచే ఆకాశము గంటకు 15 డిగ్రీలు, అనగా సెకనుకు 15 వికలల చొప్పున పడమటికి జరుగుచున్నట్లు కనిపించును. (డిగ్రీలో 60వ భాగము కళ, కళలో 60వ భాగము వికల.) మన కెమెరాలో ఒక్కొక్క పిక్సెల్ ఆకాశములో ఎన్ని వికలలను ఆక్రమించునో తెలిసికొనుటకు సులభమైన లెక్క కలదు. పిక్సెల్ వెడల్పును మైక్రాన్లలో తీసికొని 206తో గుణించి, దూరదర్శిని నాభ్యంతరమును మిల్లీమీటర్లలో తీసికొని దానితో భాగింపవలెను. మా కెమెరా పిక్సెల్ 4.3 మైక్రాన్లు, నాభ్యంతరము 400. ఫలితము సుమారు 2.2 వికలలు. అనగా దూరదర్శిని కదలక నిలిచియున్నచో ఒక్క సెకనులోనే చుక్క ఏడు పిక్సెళ్ల మేర సాగిపోవును. మూడు నిమిషముల చిత్రము కావలెనన్న, ఆ మూడు నిమిషములును దూరదర్శిని చుక్కను రెండు వికలల లోపుగా వెంబడింపవలెను. ఇంత సున్నితముగా తిరుగు పళ్లచక్రము సామాన్యులు కొనగల ధరలో ఉండదు. చక్రమును త్రిప్పు మరలో స్వల్పపు వంకర ఉండుట సహజము. 180 పళ్ల చక్రము గల మౌంట్‌లో ఆ వంకర దాదాపు ప్రతి ఎనిమిది నిమిషములకు ఒకసారి తిరిగి వచ్చి, చుక్కను ఇటునటు ఊపును.

ఈ లోపమును దిద్దుటకే గైడింగు. పూర్వము ఆ పని మనుష్యుల కంటితో జరిగెడిది. 1887లో ప్యారిసులో జరిగిన సమావేశములో ఆకాశమునంతయు ఫోటోలుగా తీయ నిశ్చయించి, దేశదేశముల పరిశోధనాలయములకు భాగములు పంచినారు. మన హైదరాబాదులోని నిజామియా వేధశాల దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకును, తరువాత ఉత్తరమున 36 నుండి 39 డిగ్రీల వరకును గల పట్టీలను స్వీకరించినది. నవాబ్ జఫర్ జంగ్ సొంత ధనముతో దూరదర్శినిని తెప్పించి స్థాపించిన ఆ వేధశాల 1908లో నిజాము ప్రభుత్వము చేతికి, 1919లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము చేతికి వచ్చినది. ఆ కాలపు పద్ధతిలో ఫోటో తీయు గొట్టమునకు జంటగా చూచు గొట్టము మరియొకటి ఉండును. పరిశీలకుడు దాని కటకము వద్ద కన్ను పెట్టి, ఒక చుక్కను అడ్డతీగల కూడలిపై నిలిపి, అది జారినప్పుడెల్ల మెల్లగా మర త్రిప్పి వెనుకకు తెచ్చును. చలిలోను, దోమలలోను, చిత్రము పూర్తియగువరకు కన్ను మరల్పరాదు. లక్షల కొలది నక్షత్రముల స్థానములు ఈ విధముగానే లెక్కకెక్కినవి.

నేటి ఆటోగైడర్ చేయునది ఆ పరిశీలకుని పనియే. చిన్న కెమెరా రెండేసి సెకన్లకు ఒక చిత్రము తీయును. లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ ఆ చుక్క ఎంత జారినదో కొలిచి మౌంట్‌కు దిద్దుబాటు పంపును. మేము వాడినది పి.హెచ్.డి. టూ అను ఉచిత సాఫ్ట్‌వేర్. ఇది కంటికన్న చురుకైనది. పిక్సెల్‌లో ఐదవ వంతు, పదవ వంతు జారుడును కూడ కనిపెట్టగలదు. కాని కన్ను చుక్కను చుక్కయని ఎరిగియుండును. యంత్రమునకు ఆ ఎరుక లేదు. తనకు చూపినదానినే అది నమ్మును. మా అనుభవములో చిక్కులలో సగము ఈ ఒక్క కారణముననే వచ్చినవి.

జనవరి మూడవ వారములో, అమావాస్య దినములలో, తోకచుక్కకు ముందుగా చేయి తిరుగుటకై ఓరియన్ నీహారికను గురిపెట్టినాము. మొదటి గంట బాగుగనే సాగినది. నడుమ టీ తాగుటకు ఆపి, తిరిగి మొదలుపెట్టినప్పుడు తెరపై గైడింగు గ్రాఫు గీత గీచినట్లు తిన్నగా వచ్చినది. అంత తిన్నని గ్రాఫును మేము అదివరకు చూడలేదు. ఒకరినొకరు అభినందించుకొన్నాము కూడ. మూడు నిమిషముల తరువాత వచ్చిన చిత్రములో ప్రతి చుక్కయు తూర్పు పడమరలుగా బియ్యపు గింజవలె సాగియున్నది. తరువాతి చిత్రమును అంతే. మౌంట్‌ను శంకించినాము, దానిని ఇచ్చినవారిని శంకించినాము, బరువులు సవరించినాము, కేబులు మార్చినాము. ఒక గంటన్నర పోయినది. చివరకు మంచు పట్టకుండ గైడ్ గొట్టమునకు మూత పెట్టి సర్దుచుండగా, మాలో ఒక రెండవ సంవత్సరపు విద్యార్థి తెర చూచి, "సార్, మూత పెట్టినాము కదా, చుక్క ఇంకను కనిపించుచున్నదేమి?" అని అడిగినాడు.

అది చుక్క కాదు. గైడ్ కెమెరాలోని ఒక చెడిన పిక్సెల్. వెలుతురు లేకున్నను అది తెల్లగా మెరయుచుండును. ఇట్టివానిని వేడి పిక్సెళ్లని పిలుతురు. సాఫ్ట్‌వేర్ తనంతట చుక్కను ఎంచుకొన్నప్పుడు దానిని ఎంచుకొన్నది. అది కదలదు కావున గ్రాఫు తిన్నగా వచ్చినది. దిద్దుబాటు ఒక్కటియు మౌంట్‌కు పోలేదు. మొదటి గంట చేసిన కాలిబ్రేషన్‌నే మరల వాడుటచే తప్పు బయటపడలేదు. క్రొత్తగా కాలిబ్రేషన్ చేసియున్నచో చుక్క కదలుట లేదని యంత్రమే చెప్పియుండెడిది.

అప్పటి నుండి మేము పాటించు నియమము: గ్రాఫు మరీ అందముగా ఉన్నచో సంతోషింపరాదు. మౌంట్‌ను చేతి మీటతో కొద్దిగా కదిపి, తెరపై చుక్క కూడ కదలినదా అని చూడవలెను. ఆపైన గైడ్ కెమెరాకు మూత పెట్టి కొన్ని చీకటి చిత్రములు తీసి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చినచో అది చెడిన పిక్సెళ్ల పట్టికను తయారుచేసికొని వాటిని విడిచిపెట్టును. గైడ్ గొట్టపు ఫోకసును రవంత సడలించుట కూడ మంచిదే. నిజమైన చుక్క నాలుగైదు పిక్సెళ్లపై పరచుకొనును, చెడిన పిక్సెల్ ఒంటరిగా సూదిమొనవలె మిగులును. చుక్క మరీ ప్రకాశవంతమైనదైనను ప్రమాదమే. దాని నడుమ పిక్సెళ్లు నిండిపోయి, అసలు మధ్యబిందువు ఎచ్చటనో యంత్రమునకు తెలియదు.

చుక్కలు సాగినవన్నంత మాత్రమున గైడింగుదే తప్పనరాదు. వైద్యుడు నాడి పట్టునట్లు ముందు సాగిన తీరును చూడవలెను. మొదట రెండు సెకన్ల చిత్రము ఒకటి తీయుడు. అందులోను చుక్కలు గుండ్రముగా లేనిచో గైడింగు జోలికి పోనక్కరలేదు. ఫోకసు, కటకముల వంకర, కెమెరా వాలియుండుట, లేదా గాలి దానికి కారణము. రెండు సెకన్లలో గుండ్రముగా ఉండి, మూడు నిమిషములలో సాగినచో అప్పుడు సాగిన దిక్కును చూడవలెను. ఇందుకే కెమెరాను దాని పొడవు తూర్పు పడమరలకు సరిపడునట్లు ముందే బిగించుకొనుట మేలు. చిత్రమును చూచినంతనే దిక్కు తెలియును. తూర్పు పడమరలకు సాగినచో మౌంట్ పళ్లచక్రమో, బరువుల తూకమో కారణము. ఉత్తర దక్షిణములకు సాగినచో ధ్రువమునకు మౌంట్‌ను సరిగా గురిపెట్టకపోవుటయో, ఆ దిక్కున మర వదులో కారణము. చిత్రము నడుమ చుక్కలు బాగుండి, అంచులలో ఒక బిందువు చుట్టు తిరిగినట్లు వంపు తిరిగినచో ధ్రువమునకు గురి తప్పినదనుట నిశ్చయము. గైడింగు ఒక్క చుక్కను నిలుపగలదు గాని దాని చుట్టు తిరుగుచున్న ఆకాశమును నిలుపలేదు.

ధ్రువము మాటకు వచ్చినాము కావున, ఇచ్చట కొంచెము నిలువవలసి ఉన్నది. ఏలనన పుస్తకములలోను, పరికరముతో వచ్చు కాగితములలోను చెప్పు ఉపాయములు చల్లని దేశములవారికి వ్రాసినవి. అచ్చట ధ్రువతార నలుబది, ఏబది డిగ్రీల ఎత్తున ఉండును. చీరాలలో అది పదునారు డిగ్రీల దరిదాపుననే. మన ఊరి అక్షాంశము 15.8 డిగ్రీలు కదా. ఆ ఎత్తున ఊరి దీపముల కాంతియు, తేమయు, కల్లముల దుమ్మును కలిసి ధ్రువతారను మింగివేయును. వీటికి తోడు వాతావరణము కాంతిని వంచుటచే ఆ ఎత్తున ప్రతి చుక్కయు తన అసలు స్థానము కన్న మూడున్నర కళల మేర పైన కనిపించును. ధ్రువతార అసలు ధ్రువము మీదనే లేదు. నేడు దానికి రెండు మూడవ వంతుల డిగ్రీ కన్న స్వల్పముగా తక్కువ దూరమున ఉన్నది. మౌంట్ సంగతి మరియొకటి. కొన్ని మౌంట్లు ఇరువది డిగ్రీల కన్న దిగువకు వంగవు. మాది వంగినది గాని, అంతగా వంగినప్పుడు బరువుల కడ్డీ ముక్కాలిపీట కాలికి తగిలినది. మొదటి రాత్రి ఆ "టక్"మను చప్పుడు విని చుక్క దొరకలేదేమని లాప్‌టాప్‌ను చూచుచు కూర్చున్నాము. ముక్కాలిపీటను త్రిప్పి, ఒక కాలు తిన్నగా ఉత్తరమునకు కాక, రెండు కాళ్ల నడుమ సందు ఉత్తరమునకు వచ్చునట్లు పెట్టినప్పుడు ఆ బాధ తప్పినది.

ధ్రువతార కనిపించనిచో చేయవలసినది జారుడు పరీక్ష. దక్షిణమున తలపై గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకు సమీపమున ఒక చుక్కను ఎంచి, గైడింగు ఆపి, అది ఉత్తరమునకు జారునో దక్షిణమునకు జారునో చూచి మౌంట్‌ను ఎడమకో కుడికో త్రిప్పవలెను. తరువాత తూర్పు దిక్కున కొంత ఎత్తున ఒక చుక్కను ఎంచి అదే విధముగా చూచి మౌంట్ ఎత్తును సవరింపవలెను. లెక్క ఇట్లున్నది: గురి ఒక్క కళ తప్పినచో చుక్క అత్యధికముగా నిమిషమునకు పావు వికల జారును. పది కళలు తప్పినచో పది నిమిషములలో ఇరువదియారు వికలలు. మా మొదటి రాత్రి జారుడును బట్టి లెక్కింపగా గురి నలుబది కళలు తప్పినట్లు తేలినది! ఓపికతో రెండుసార్లు చేసిన మీదట నాలుగైదు కళలకు తెచ్చినాము. చిన్న గొట్టమునకు అది చాలును.

తూకము గురించి చీరాలవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. మగ్గముపై పడుగు ఎల్లప్పుడు ఒకే బిగువున ఉండవలెను. సడలిన చోట గుడ్డ చెడును. మౌంట్ పళ్లచక్రము అట్టిదే. అటునిటు సరిసమానముగా తూగినచో పళ్ల నడుమ ఉన్న రవంత సందులో చక్రము ఏ వైపునకును ఆనక ఊగులాడును. కావున తూర్పు వైపును కొద్దిగా బరువుగా ఉంచవలెను. అప్పుడు మర ఎల్లప్పుడు ఆ బరువును నెట్టుచుండును, పళ్లు విడివడవు. ఇది మా సంఘములో నేతవారి ఇంటి విద్యార్థికి మాకన్న ముందు అర్థమైనది.

ఉత్తర దక్షిణముల మరకు ఈ ఉపాయము అంతగా పనిచేయదు. ఏలనన అది సాధారణముగా తిరుగదు. దిద్దుబాటు వచ్చినప్పుడే కదలును. ఉత్తరమునకు త్రిప్పుచుండి దక్షిణమునకు త్రిప్పుమన్నచో, మర సందును దాటువరకు కొన్ని సెకన్లు చుక్క కదలనే కదలదు. యంత్రము కంగారుపడి మరల మరల ఆజ్ఞ ఇచ్చును. ఒక్కసారిగా చుక్క ఆవలి వైపునకు దూకును. గ్రాఫుపై రంపపు పళ్లవలె కనిపించునది ఇదియే. దీనికి మందు, ఒక్క దిక్కుననే దిద్దుమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పుట. ధ్రువమునకు గురిలో మిగిలిన ఆ నాలుగైదు కళల తప్పు ఇప్పుడు మేలే చేయును; చుక్క ఎల్లప్పుడు ఒక వైపునకే జారును, మనము రెండవ వైపునకే నెట్టుదుము. తప్పును పూర్తిగా తీసివేయబోయి రాత్రులు పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము.

గ్రాఫు రెండు దిక్కులను గజిబిజిగా, దువ్వెన పళ్లవలె ఊగులాడుచున్నచో అది యంత్రపు అత్యుత్సాహము. చుక్క మినుకుమినుకుమనుటను కూడ అది జారుడని భ్రమపడి వెంటపడుచున్నది. గైడ్ కెమెరా అరసెకనుకు ఒక చిత్రము తీయుచున్నచో రెండు, మూడు సెకన్లకు పెంచవలెను; దిద్దుబాటు తీవ్రతను తగ్గింపవలెను. ఇటీవల వచ్చు హార్మోనిక్ మరల మౌంట్లకు మాత్రము ఈ సలహా చెల్లదు. వాటి ఊపు పెద్దది, త్వరితమైనది. వాటికి ఒక సెకను, అంతకు తక్కువ వ్యవధియే తగినది.

గ్రాఫు బాగుగా ఉండి, మూతపరీక్షలో చుక్క నిజమైనదని తేలి, అయినను చిత్రములో చుక్కలు ఒకే దిక్కునకు మెల్లమెల్లగా సాగుచున్నచో అది మిక్కిలి జిత్తులమారి చిక్కు. గైడ్ గొట్టమును, పెద్ద గొట్టమును ఒక దానికొకటి కదలుచున్నవన్నమాట. యంత్రము గైడ్ గొట్టపు చుక్కను నిష్ఠగా నిలుపుచున్నది. కాని పెద్ద గొట్టము వంగిపోవుచున్నది. మా గైడ్ గొట్టము మూడు మరల నడుమ వేలాడు పద్ధతిలో బిగించినది. ఆ మరల కొనలకు ప్లాస్టిక్ ఉండుటచే రవంత నలిగినవి. వాటిని తీసివేసి గట్టి పట్టీతో బిగించినాము. వేలాడు కేబుళ్లను గూడ ఒక కట్టగా చేసి మౌంట్ నడుమకు కట్టినాము. లాప్‌టాప్ కేబులు బరువుకే గొట్టము లాగబడునని ఎవ్వరు చెప్పినను మొదట మేము నమ్మలేదు.

కాలిబ్రేషన్ కుదరలేదని యంత్రము మొరాయించినప్పుడు భయపడనక్కరలేదు. అది సత్యము చెప్పుచున్నది. కేబులు సరిగా దూర్చలేదు, లేదా మౌంట్ నక్షత్రగతితో తిరుగుట లేదు, లేదా ఉత్తరపు మరలో సందు చాల ఉన్నది. ధ్రువము దగ్గరి చుక్కలతో కాలిబ్రేషన్ చేయరాదు. అచ్చట తూర్పు పడమరల కదలిక మరీ కుంచించుకొని పోవును. ఖగోళ మధ్యరేఖ దగ్గర, తలపై గీతకు కొంచెము ఇవతల చేయుట ఉత్తమము. గైడ్ కెమెరాను పొరపాటున రవంత త్రిప్పినను పాత కాలిబ్రేషన్ పనికిరాదు.

ఇక పెద్ద కెమెరా. మన తీరప్రాంతములో జనవరి రాత్రి కూడ ఇరువది డిగ్రీల సెల్సియస్ దరిదాపున ఉండును. శీతలీకరణము లేని కెమెరాలో పిక్సెళ్లు తమంతట తాము కూడబెట్టు దొంగ కాంతి సుమారు ప్రతి ఆరు డిగ్రీల వేడికి రెట్టింపగును. కావున అదే రాత్రి, అదే వ్యవధితో, మూత పెట్టి చీకటి చిత్రములు ఇరువదియైనను తీసికొని తరువాత లెక్కలో తీసివేయవలెను. ఎండాకాలపు చీకటి చిత్రములను శీతకాలమున వాడుట కల్తీయే. కెమెరా తనంతట ప్రతి చిత్రము వెంట ఒక చీకటి చిత్రము తీసికొను సదుపాయము ఉండును. దానిని ఆపివేయవలెను, లేనిచో రాత్రిలో సగము దానికే పోవును. కటకములో కంపనమును తగ్గించు మీట ఉన్నచో అదియు ఆపవలెను. అది లేని కంపనమును దిద్దబోయి చుక్కలను చెదరగొట్టును.

చిత్రములన్నిటిని ఒకదానిపై నొకటి పేర్చినప్పుడు అడ్డముగా వాన జల్లు గీతలవలె రంగు చారలు కనిపించుట మా మొదటి ప్రయత్నములలో జరిగినది. కెమెరా చెడినదనుకొన్నాము. కాదు. గైడ్ గొట్టము మెల్లగా వంగుటచే ప్రతి చిత్రమునకు ఆకాశము ఒక పిక్సెల్ మేర ఒకే దిక్కునకు జరిగినది. చుక్కలను కలిపి పేర్చగానే, కదలని చెడు పిక్సెళ్లు చారలుగా తేలినవి. కెమెరా రోగమువలె కనిపించునది గైడింగు రోగమన్నమాట. ప్రతి చిత్రమునకు నడుమ మౌంట్‌ను కావలెనని నాలుగైదు పిక్సెళ్లు అడ్డదిడ్డముగా జరుపుమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పినచో ఈ చారలు పోవును.

మంచు, విద్యుత్తు – ఈ రెండును మాటలలో తేలికవి, రాత్రివేళ కావు. మొదట వాడరేవు ఇసుకపై నిలిపినాము. సముద్రపు గాలికి గొట్టము వణికినది, ఉప్పు తేమకు కటకము మసకబారినది, ముక్కాలిపీట గంటకు గంట దిగబడినది. తరువాత పర్చూరు వైపున పరిచితుల మిరప చేని గట్టునకు మారినాము. నల్లరేగడిలోను కాళ్లు దిగబడును గాని, క్రింద వెడల్పాటి పలకలు వేసినచో నిలుచును. కల్లము కాపలా వారు జాలితో మాకు దారి చూపుటకై పలుమారు టార్చి వేసినారు. ఆ చిత్రములు వేరుగా దాచుకొన్నాము. రాత్రి తొమ్మిది దాటగనే గైడ్ చుక్క మెల్లగా మసకబారి, చివరకు మాయమైనది. మేఘమనుకొన్నాము, కటకముపై మంచు. కటకము ముందు నల్లని అట్ట గొట్టము తొడిగి, చుట్టు కొద్దిగా వేడినిచ్చు పట్టీ కట్టిన తరువాత ఆ బాధ లేదు. ఆ పట్టీ మౌంట్‌కు పోవు బ్యాటరీ నుండియే కరెంటు లాగుటచే అర్ధరాత్రికి మౌంట్ మొరాయించుట మరియొక కథ. మౌంట్‌కు ఒక బ్యాటరీ, తక్కినవాటికి ఒకటి. తీగలు పొట్టిగా, లావుగా.

తోకచుక్క విషయమునకు వత్తము. జనవరి చివర అది ధ్రువతార వైపున, మనకు మిక్కిలి దిగువన ఉండుటచే ఆశ వదలుకొన్నాము. ఫిబ్రవరి 5వ తేదీన పౌర్ణమి. ఆ దినములలో బ్రహ్మహృదయ నక్షత్రము దగ్గర ఉన్నను వెన్నెలలో కలిసిపోయినది. మాకు మిగిలినవి 10, 11 తేదీలు. అప్పటికి చంద్రుడు ఆలస్యముగా ఉదయించును, తోకచుక్క కుజుని ప్రక్కన, సాయంత్రము ఏడు గంటల వేళకు దాదాపు నడినెత్తికి వచ్చును. నడినెత్తి అనగా మరియొక చిక్కు. చుక్క తలపై గీతను దాటునప్పుడు మౌంట్ అటునుండి ఇటు తిరుగవలెను. తిరిగిన తరువాత గైడింగు దిక్కులు తారుమారగును. కావున ఏడుంబావు దాటువరకు కూర్చుండి, అది పడమటికి వాలిన తరువాతనే మొదలుపెట్టినాము.

10వ తేదీ రాత్రి మూడేసి నిమిషముల చిత్రములు తీసినాము. గ్రాఫు బాగున్నది, మూతపరీక్ష చేసినాము, చుక్కలు గుండ్రముగా ఉన్నవి. తోకచుక్క తల మాత్రము సాగి, పొగమరకవలె ఉన్నది. మా అజ్ఞానమునకు నవ్వు వచ్చును. బ్రహ్మహృదయము నుండి కుజుని వరకు ఇరువది డిగ్రీల దూరమును అది ఐదు రోజులలో నడచినది. రోజుకు నాలుగు డిగ్రీలు, నిమిషమునకు పది వికలలు. మూడు నిమిషములకు ముప్పది వికలలు, అనగా పదునాలుగు పిక్సెళ్లు. గైడింగు తన పని తాను నిర్దోషముగా చేసినది. మేము నిలుపుమన్నది చుక్కను గాని తోకచుక్కను కాదు. తోకచుక్కనే గైడ్ చుక్కగా పట్టుకొనవచ్చును గాని, మా చిన్న గైడ్ కెమెరాకు దాని తల స్పష్టముగా చిక్కలేదు.

ఆ దగ్గరలోనే ప్రకాశించుచున్న రోహిణిని మేము ఆ రాత్రి చాలసేపు చూచినాము. మా ఉర్దూ శాఖ మిత్రుడొకరు దానిని అల్‌దబరాన్ అని పిలిచి, ఆ అరబ్బీ మాటకు వెంబడించునది అని అర్థమనియు, కృత్తికల వెంట నడచుటచే దానికాపేరు వచ్చినదనియు చెప్పినారు.

11వ తేదీన చిత్రము వ్యవధిని ఇరువదియైదు సెకన్లకు తగ్గించినాము. అంత సేపటికి తోకచుక్క కదలునది నాలుగు వికలలు, అనగా రెండు పిక్సెళ్లు. చంద్రోదయము వరకు నూటికి పైగా చిత్రములు తీసి, వాటిని రెండుసార్లు పేర్చినాము: ఒకసారి చుక్కలు కలియునట్లు, ఒకసారి తోకచుక్క తల కలియునట్లు. మొదటిదాని నుండి చుక్కలను, రెండవదాని నుండి తోకచుక్కను తీసికొని ఒక్క చిత్రముగా చేసినాము. తల లేత ఆకుపచ్చగా వచ్చినది. జంట కార్బన్ పరమాణువులు సూర్యకాంతికి ఇచ్చు రంగది. కుజుని కాంతి చిత్రము ఎడమ అంచున ఎర్రగా చిమ్మినది. కుడి వైపు క్రింది మూలలో చుక్కలు ఇంకను కొంచెము సాగియున్నవి. రెండు సెకన్ల చిత్రములోను అవి అట్లే ఉన్నవి గనుక గైడింగును తప్పుపట్టలేదు. కెమెరాను గొట్టమునకు తగిలించు వలయము ఒక వైపున రవంత ఎత్తుగా ఉన్నదని తేలినది. దాని క్రింద పలుచని రేకు ముక్క పెట్టి చూచుచున్నాము.